మధ్యయుగ ముట్టడి యంత్రాల నిర్మాణం: ఓరుగల్లు ముట్టడి (క్రీ.శ. 1310) నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రీ.శ. 1310లో ఢిల్లీ సుల్తాను సైన్యం ఓరుగల్లును ముట్టడించిన వృత్తాంతంలో మంజనీకం, మగ్రిబీ, అరాదా, పాశేబ్, గర్గజ్, సాబాత్ అనే పదాలు కనిపిస్తాయి. తెలుగులో ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు ఇవన్నీ ‘రాళ్ళు రువ్వే యంత్రాలు’ అనే ఒక్కమాటలో కలిసిపోవడం, కొన్ని సందర్భాల్లో ‘ఫిరంగులు’గా మారిపోవడం జరుగుతోంది. ఈ యంత్రాలు ఎలా తయారయ్యేవి, ఎంత శ్రమతో ఎంత ఫలితం ఇచ్చేవి అన్న విషయాన్ని సమకాలీన ఆధారాల ద్వారా వివరించి, ఆ అవగాహనతో ఓరుగల్లు వృత్తాంతాన్ని తిరిగి చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మంజనీకం, ప్రతిభారయంత్రం, పాశేబ్, ఓరుగల్లు, అమీర్ ఖుస్రో, ముట్టడి, మట్టికోట.

1. ఉపోద్ఘాతం:

క్రీ.శ. 1309 అక్టోబరు చివర మాలిక్ కాఫుర్ నాయకత్వంలో ఢిల్లీ నుంచి బయలుదేరిన అలాఉద్దీన్ ఖల్జీ సైన్యం 1310 జనవరిలో ఓరుగల్లు చేరింది. అప్పటికి ఆ నగరానికి ప్రధానంగా రెండు రక్షణవలయాలు ఉన్నాయి. లోపలిది సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం గల రాతికోట. దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. రెండింటికీ కందకాలున్నాయి. ఈ ముట్టడిని వివరంగా వర్ణించినవాడు ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో. ఆయన ‘ఖజాయినుల్ ఫుతూహ్’ అలాఉద్దీన్ విజయాలను కీర్తించే పారశీక గద్యగ్రంథం. అలంకారభూయిష్ఠమైన ఆ రచన నుంచి సాంకేతిక సమాచారాన్ని విడదీయడం కష్టమే. అయితే అది అసాధ్యమైన పని కాదు.

ఒక ఉదాహరణ చాలు. కోట చుట్టూ దిగిన సైన్యశిబిరం చుట్టుకొలత 12,546 గజాలని, ఒక్కొక్క సైనికవిభాగానికి 1,200 గజాల జాగా కేటాయించారని ఖుస్రో రాశాడు. మట్టికోట వ్యాసాన్ని బట్టి దాని చుట్టుకొలత దాదాపు ఏడున్నర కిలోమీటర్లు అవుతుంది. ఆనాటి గజం కచ్చితమైన కొలత ఎంతైనా, శిబిరం చుట్టుకొలత పది కిలోమీటర్లకు అటూఇటూగా తేలుతుంది. కోటగోడకు కొంత దూరంగా వలయాకారంలో దిగిన సైన్యానికి ఆ అంకె సరిగ్గా సరిపోతుంది. కవి అన్న కారణంతో ఖుస్రో అంకెలన్నిటినీ కొట్టిపారేయలేమని దీనివల్ల తెలుస్తోంది.

2. ఏతం, వడిసెల – యంత్రసూత్రం:

మంజనీకం అనేది అరబ్బీ, పారశీక భాషల్లోని ‘మంజనీక్’. దానికి మూలం గ్రీకు ‘మంగనాన్’ అని భాషావేత్తల నిర్ణయం. ఈ యంత్రం పనితీరును మన పాఠకులకు వివరించడానికి పరాయి బొమ్మలు అక్కరలేదు. పొలంలో నీళ్ళు తోడే ఏతం, జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల – ఈ రెండింటినీ కలిపితే మంజనీకం అవుతుంది. ఏతంలో నిలువు స్తంభం మీద ఒక దూలం అటూఇటూ ఊగుతుంది. ఒక కొస పొడవు, రెండో కొస పొట్టి. పొట్టి కొస కిందికి దిగితే పొడవు కొస పైకి లేస్తుంది. ఆ పొడవు కొసకు బానకు బదులు వడిసెల కడితే, దూలం లేచే వేగానికి వడిసెల తిరిగే వేగం తోడై రాయి దూరంగా పోతుంది.

ఏతంలో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో మనుషులు దూలం మీద నడిచి తమ బరువుతో దాన్ని ఊపుతారు. రెండోదానిలో పొట్టి కొసకు రాయో మట్టిముద్దో కట్టి, ఆ బరువుతోనే బానను పైకి తెస్తారు. మంజనీకాల్లోనూ ఇదే విభజన ఉంది. మనుషులు తాళ్ళు పట్టి ఒక్కసారిగా కిందికి గుంజితే పనిచేసేది కర్షణయంత్రం. పొట్టి కొసకు కట్టిన పెద్ద బరువు కిందికి పడడం వల్ల పనిచేసేది ప్రతిభారయంత్రం. మొదటిది చైనాలో పుట్టి పశ్చిమానికి వ్యాపించింది. రెండోది 12వ శతాబ్దంలో మధ్యధరా ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది.

కర్షణయంత్రానికి ఎంతమంది కావాలో 1044 నాటి చైనా సైనికగ్రంథం ‘వుజింగ్ జోంగ్‌యావ్’ చెబుతుంది. యంత్రం పరిమాణాన్ని బట్టి 40 నుంచి 250 మంది దాకా గుంజేవారు. మన ఉపఖండంలో దీని తొలి ప్రసిద్ధ ప్రస్తావన సింధుదేశంలోని దేబల్ ముట్టడికి సంబంధించింది. 8వ శతాబ్దారంభంలో అక్కడ వాడిన ‘అల్ అరూస్’ (పెళ్ళికూతురు) అనే మంజనీకానికి 500 మంది పనిచేసేవారని 9వ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు బలాధురీ రాశాడు. దాని కాలు పొట్టి చేసి తూర్పున నిలిపి, గుడి మీది ధ్వజస్తంభానికి గురిపెట్టమని ఇరాక్ పాలకుడు హజ్జాజ్ ఉత్తరం ద్వారా ఆదేశించాడని కూడా ఆయనే చెప్పాడు. వందల యోజనాల దూరాన కూర్చున్న పాలకుడు యంత్రం కాలి పొడవు గురించి ఉత్తరం రాయడం వింతగానే ఉంటుంది. అయితే చట్రం వాలును మారిస్తే రాయి పోయే కోణం మారుతుందన్న ఆచరణజ్ఞానం ఆ వాక్యంలో ఉంది.

3. నిర్మాణం – కొయ్య, మోకు, బరువు:

ప్రతిభారయంత్రంలో ప్రధాన భాగాలు ఐదు: నేల మీది చట్రం, దానిపై ఇరువైపులా నిలిచే ఆధారస్తంభాలు, వాటి తలమీద ఇరుసు, ఇరుసుపై ఊగే దూలం, దూలం పొట్టి కొసకు వేలాడే బరువుపెట్టె. వీటిలో అన్నిటికన్నా దొరకడం కష్టమైంది దూలం. అది పొడవుగా, పగుళ్ళూ ముడులూ లేకుండా ఉండాలి. వంగాలి గాని విరగకూడదు. ఒకే మాను దొరకనప్పుడు రెండు మూడు దూలాలను జతచేసి ఇనుపపట్టీలతో, తాళ్ళతో బిగించేవారు. ఇరుసుకు అటు పొడవు, ఇటు పొట్టి భాగాల నిష్పత్తి సాధారణంగా నాలుగు లేదా అయిదింటికి ఒకటి. ఇరుసు సరిగ్గా అడ్డంగా కూర్చోకపోతే దూలం పక్కకు లాగి, కొన్ని దెబ్బలకే చట్రం కదిలిపోతుంది. అందువల్ల యంత్రం నిలిపే నేలను ముందుగా చదును చేసి గట్టిపరచడం కూడా వడ్రంగి పనిలో భాగమే.

బరువుపెట్టె పరిమాణం గురించి ఒక విలువైన ఆధారం క్రీ.శ. 1230 ప్రాంతపు ఫ్రెంచి శిల్పి విలార్ ద హొన్నెకూర్ చిత్రపుస్తకంలో ఉంది. ఆయన గీసిన చట్రం పటం మిగిలింది. నిలువు పటం ఉన్న పుట పోయింది. పెట్టెను మాత్రం 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతుతో చేసి మట్టితో నింపాలని రాసిపెట్టాడు. ఆ కొలతలకు మట్టి బరువు పదుల టన్నుల్లో ఉంటుంది. ఇక్కడ గమనించవలసింది మట్టి అన్న మాట. బరువును దూరం నుంచి మోసుకురానవసరం లేదు, ముట్టడి స్థలంలోనే తవ్వుకోవచ్చు. మోయవలసింది కొయ్య, ఇనుము, మోకులు, వీటిని బిగించే పనివారి నైపుణ్యం.

యంత్రాన్ని సిద్ధం చేసేటప్పుడు పొడవు కొసను మోకులతో కిందికి లాగి కొక్కేనికి తగిలిస్తారు. దీనికి మోకు చుట్టే రాట్నాలు వాడేవారు. వడిసెల ఒక తాడు దూలానికి శాశ్వతంగా కట్టి ఉంటుంది. రెండో తాడు చివరి ఉంగరం దూలం కొసన ఉన్న ఇనుపమేకుకు తగిలి ఉంటుంది. దూలం లేచి ఒక స్థితికి రాగానే ఉంగరం జారిపోయి రాయి విడుదలవుతుంది. ఆ మేకును కొద్దిగా వంచితే రాయి ముందుగానో ఆలస్యంగానో విడిపోతుంది. తాడు పొడవు, మేకు వంపు – గురి అంతా ఈ రెండింటిమీదే ఆధారపడింది. తడిసిన తాడు పొడవు మారుతుంది కాబట్టి వానపడిన రోజున నిన్నటి గురి నేడు పనికిరాదు.

4. బలం – ఒక లెక్క:

రెండు రకాల యంత్రాల మధ్య ఎంత తేడా ఉందో చిన్న లెక్కతో చూడవచ్చు. ఇవి వ్యాసకర్త తీసుకున్న ఊహాంకాలే. 10 టన్నుల బరువు 4 మీటర్లు కిందికి పడితే సుమారు 392 కిలోజౌళ్ళ శక్తి విడుదలవుతుంది. అందులో సగం రాతికి అందిందనుకుంటే 100 కిలోల రాయి సెకనుకు 60 మీటర్లకు పైబడిన వేగంతో బయలుదేరుతుంది. వందమంది మనుషులు ఒక్కొక్కరు 300 న్యూటన్ల బలంతో మీటరున్నర దూరం తాడు గుంజితే వచ్చే మొత్తం శక్తి 45 కిలోజౌళ్ళు, అంటే మొదటిదానిలో తొమ్మిదో వంతు.

కాగితం మీది ఈ లెక్కకు ప్రయోగమే హద్దు. డెన్మార్క్‌లో 1989లో పునర్నిర్మించిన యంత్రం 2,000 కిలోల ప్రతిభారంతో 15 కిలోల గుండును 180 మీటర్ల దూరం విసిరింది. విలుకాడి బాణానికి అందీ అందని దూరమది. బలం కన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. మనుషులు అలుస్తారు, పదో గుంజుడు మొదటి గుంజుడులా ఉండదు. పెట్టెలోని మట్టి అలవదు. బరువూ రాయీ మారనంతకాలం రాయి దాదాపు అదే చోట పడుతుంది. కోటగోడ ఒక దెబ్బకు కూలేది కాదు, ఒకేచోట వందల దెబ్బలు పడితే కూలేది. అందువల్ల రాళ్ళను ఒకే బరువుకు చెక్కే శిల్పులు కూడా యంత్రనిర్మాణంలో భాగస్వాములే.

5. రవాణా, ఖర్చు:

యంత్రాలను ముట్టడి స్థలంలోనే కట్టేవారా, వెంట తెచ్చేవారా అన్న ప్రశ్నకు రెండు సమకాలీన ఉదాహరణలు రెండు సమాధానాలిస్తాయి. 1291లో మమ్లూకు సైన్యం పాలస్తీనా తీరంలోని ఏకర్ నగరాన్ని ముట్టడించినప్పుడు, ‘అల్ మన్సూరీ’ అనే పెద్ద మంజనీకాన్ని హిస్న్ అల్ అక్రాద్ కోట నుంచి విడిభాగాలుగా తెచ్చారు. దానికి వంద బండ్లు పట్టాయి. వాటిలో ఒక బండి బాధ్యత తరువాతి కాలంలో గొప్ప చరిత్రకారుడైన అబుల్ ఫిదాది. అప్పటికి ఆయన పద్దెనిమిదేళ్ళ వయసున్న చిన్న సేనాధికారి. వానలోను మంచులోను బండ్లు దిగబడి, చలికి ఎడ్లు చచ్చిపోయి, గుర్రంమీద ఎనిమిది రోజుల్లో సాగే దారికి నెల పట్టిందని ఆయన స్వయంగా రాసుకున్నాడు. ముట్టడి యంత్రాల గురించి మిగిలిన రాతల్లో ఇంత నిజాయతీగల వాక్యాలు అరుదు.

1304లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు స్కాట్లండులోని స్టిర్లింగ్ కోటముందు ‘వార్‌వుల్ఫ్’ అనే యంత్రాన్ని అక్కడికక్కడే కట్టించాడు. కొద్దిమంది ప్రధాన వడ్రంగులు, వారికింద యాభైమంది దాకా పనివారు నెలల తరబడి శ్రమించారు. ప్రతిభారాల కోసం చర్చి కప్పుల నుంచి సీసం ఊడదీశారు. అది పూర్తయ్యేసరికి కోటలోనివారు లొంగిపోతామన్నారు. యంత్రాన్ని ప్రయోగించి చూశాకే రాజు లొంగుబాటుకు ఒప్పుకున్నాడు. ఇంత ఖర్చుపెట్టి కట్టినదాన్ని వాడకుండా వదలడానికి ఆయనకు మనసొప్పలేదు కాబోలు.

6. మన గ్రంథాల మౌనం:

ఇలాంటి నిర్మాణవివరాలు మన సంస్కృత గ్రంథాల్లో ఎందుకు దొరకవు? కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణం ఆయుధాగార ప్రకరణంలో సర్వతోభద్రం, జామదగ్న్యం, బహుముఖం మొదలైన పది స్థిరయంత్రాల పేర్లున్నాయి, కొలతలు లేవు. అవి ఏమిటో మనం వ్యాఖ్యాతల ద్వారా తెలుసుకోవలసిందే. 11వ శతాబ్దపు భోజరాజు సమరాంగణసూత్రధారంలో యంత్రాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. నిర్మాణవిధానాన్ని మాత్రం గోప్యత కోసమే చెప్పలేదని, తెలియక కాదని స్పష్టం చేశాడు. దీనికి భిన్నంగా 12వ శతాబ్దం చివర అల్ తర్సూసీ సలాదీన్ సుల్తాను కోసం రాసిన అరబ్బీ ఆయుధగ్రంథం అరబ్బు, తురుష్క, ఫ్రాంకు పద్ధతుల కర్షణయంత్రాలను, పారశీక పద్ధతి ప్రతిభారయంత్రాన్ని వేరుచేసి వివరించింది. మౌనం ఉన్నచోట యంత్రమే లేదనుకోవడం తప్పు. యంత్రం పేరు ఉన్నంతమాత్రాన దాని రూపాన్ని మన ఊహతో నింపడం అంతకన్నా పెద్ద తప్పు.

‘ఫిరంగి’ అన్న అనువాదం ఈ రెండో తప్పుకు చక్కని ఉదాహరణ. ఆ మాటే ‘ఫరంగీ’ నుంచి, అంటే ఐరోపావాసులను సూచించే పదం నుంచి వచ్చింది. పోర్చుగీసువారు రాకమునుపటి 1310 ముట్టడికి దాన్ని వాడితే కాలం తారుమారవుతుంది. ‘మగ్రిబీ’ అంటే పడమటిది. పడమటి నుంచి వచ్చిన మేలైన మంజనీకమని అర్థం చేసుకోవాలి. కుబ్లాయ్ ఖాన్ సైన్యం 1273లో చైనాలోని షియాంగ్‌యాంగ్‌ను లొంగదీసుకున్న యంత్రాలను ఇస్మాయిల్, అలాఉద్దీన్ అనే పశ్చిమాసియా నిపుణులు కట్టారు. చైనావారు వాటిని ముస్లిముల యంత్రాలు అనే అర్థం గల పేరుతో పిలిచారు. అవి ప్రతిభారయంత్రాలు. అదే తరంలో ఢిల్లీలో వినిపించే ‘మగ్రిబీ’ కూడా ఆ జాతిదేనని భావించడం సమంజసం. ‘అరాదా’ దానికన్నా తేలికైన విసురుయంత్రం.

7. ఓరుగల్లు ముందు జరిగిన నిర్మాణం:

ఇప్పుడు ఖుస్రో వర్ణనకు వద్దాం. మట్టికోట గోడ ఎంత గట్టిదంటే ఉక్కు ఈటె దానిలో దిగదని, మగ్రిబీ గుండు తగిలినా పిల్లలాడుకొనే కాయలా ఎగిరి వెనక్కు వస్తుందని ఆయన అంటాడు. ఇది కేవలం అలంకారం కాదు. రాతిగోడకు దెబ్బ తగిలితే కీళ్ళు విడిపోతాయి, రాళ్ళు ఊడిపోతాయి. దిట్టంగా కొట్టిన మట్టికట్ట దెబ్బను తనలో కలుపుకొంటుంది. రాయి విసిరే యంత్రానికి మట్టికోటే గట్టి ప్రత్యర్థి. కాకతీయుల మట్టికోటను రాతికోట కన్నా తక్కువగా చూసే అలవాటు మనకుంటే, శత్రుపక్షపు కవి సాక్ష్యం దాన్ని సరిదిద్దుతుంది.

అందుకే ముట్టడిదారులు విసురుయంత్రాలతో పాటు మరో మూడు నిర్మాణాలు చేపట్టారు. సాబాత్ అంటే పైన కప్పువేసిన దారి. దాని చాటున పనివారు కందకం దాకా పోగలరు. గర్గజ్ అంటే కోటగోడకు సమానంగానో ఎత్తుగానో లేపే అట్టడి. పాశేబ్ అంటే సంచుల్లో మట్టి నింపి పేర్చి గోడ తలదాకా కట్టే వాలుకట్ట. గర్గజ్‌లు కోటలోనివారి కన్నా ఎత్తుకు లేచాయని, కందకం అంచులదాకా మట్టితో నిండిందని, ఒకవైపు గోడ సుమారు వంద మూరల మేర నడుమెత్తుకు కూలిందని ఖుస్రో రాశాడు. కోటలోపలి యంత్రాల గురిని ఎగతాళి చేశాడు. అంటే కాకతీయుల వద్ద కూడా మంజనీకాలున్నాయని ఒప్పుకున్నాడు.

వందమంది ఒకే వరుసలో ఎక్కగల పాశేబ్ కట్టాలన్న ఆలోచన కూడా వచ్చింది. అది పూర్తికావడానికి రోజులు పడుతుందని, అంతదాకా ఆగకుండా నిచ్చెనలతో ఎక్కాలని సేనానులు నిర్ణయించారని ఖుస్రో చెబుతాడు. ఆ ‘రోజులు’ ఎన్నో అంచనా వేయవచ్చు. గోడ 6 మీటర్ల ఎత్తని, వాలు నాలుగింటికి ఒకటని, వందమందికి 75 మీటర్ల వెడల్పు కావాలని అనుకుందాం. కట్టకు 5,400 ఘనమీటర్ల మట్టి కావాలి. దెబ్బలు పడుతుండగా తవ్వి, సంచి నింపి, మోసి, పేర్చే పనిలో మనిషికి రోజుకొక ఘనమీటరు సాగినా, వెయ్యిమందికి అయిదారు రోజుల పని. సేనానుల లెక్క సరైనదేనని దీన్నిబట్టి అనిపిస్తుంది. 1310 ఫిబ్రవరి మధ్యలో నిచ్చెనలమీదుగా మట్టికోట పట్టుబడింది. ఆ తర్వాత రాతికోటను చుట్టుముట్టగా ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు.

పాశేబ్ కట్టడం ఎంత ప్రమాదమో ఓరుగల్లుకు దాదాపు పదేళ్ళ ముందు రణథంభోర్ వద్ద తేలింది. పాశేబ్, గర్గజ్ పనులను పర్యవేక్షిస్తూ కోటకు దగ్గరగా వెళ్ళిన నుస్రత్‌ఖాన్, లోపలినుంచి వచ్చిన మగ్రిబీ రాయి తగిలి కొన్నాళ్ళకు చనిపోయాడని జియాఉద్దీన్ బరనీ రాశాడు. సేనాని కాబట్టి ఆయన పేరు మిగిలింది. అదే కట్టమీద సంచులు మోసినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. ఏకర్ దారిలో చచ్చిన ఎడ్లకు దక్కినపాటి ప్రస్తావన కూడా వీరికి దక్కలేదు.

8. రాయచూరు సాక్ష్యం:

కాకతీయ రాజ్యంలో ఇలాంటి భారీపని చేయగల నైపుణ్యం ఉండేదా అన్నదానికి గ్రంథాల్లో కాక రాతిమీద సమాధానముంది. ప్రతాపరుద్రుని కాలంలో, 1294లో, గోన గన్నారెడ్డి అధికారం కింద నిర్మితమైన రాయచూరు కోటగోడలో 40 అడుగులకు పైగా పొడవున్న శాసనశిల ఒకటుంది. ఆ రాతిని పెద్ద చక్రాల బండిమీద ఎక్కించి, బారుగా కట్టిన పశువులతో లాగిస్తున్న దృశ్యాన్ని కోటగోడమీదే చెక్కారు. బరువును ఎలా కదిలించాలో తెలిసినవారు తమ పనిని తామే బొమ్మగా వేసుకొన్న అరుదైన సందర్భమిది. ఏకర్‌కు వంద బండ్లు సాగిన సంవత్సరానికి, దీనికి మధ్య దూరం మూడేళ్ళే. ముట్టడి యంత్రపు దూలాన్ని కదిలించడానికి కావలసిన బండ్లు, మోకులు, మీటలు, వాటిని నడిపే అనుభవం ఇక్కడా ఉన్నాయని ఆ చిత్రం చెబుతుంది.

అదే కోటను 1520లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించినప్పుడు కోటలో ఫిరంగులుండగా, విజయనగర సైనికులు గునపాలు, గడ్డపారలతో గోడదగ్గరకే పోయి రాళ్ళు పెకలించారు. పెకలించిన రాయి పరిమాణాన్ని బట్టి సేనానాయకులు పది నుంచి యాభై పణాల దాకా చెల్లించి కొన్నారని పోర్చుగీసు రచయిత నూనిజ్ రాశాడు.